ఆగస్టు పదిహేను చూడని పిల్ల

మా బడికి పిల్లలు పూతతో వస్తారు, కోతతో పోతారు. జనవరి వచ్చేసరికి ఒకటో తరగతి గదిలో కాలు పెట్టే చోటుండదు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ గదిలోనే నా గొంతు నాకే తిరిగి వినిపిస్తుంది. ఈ సంగతి పైవాళ్ళకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. వాళ్ళు పిల్లల లెక్క తీసేది ఆగస్టులో. ఆగస్టులో మామిడి తోటలో ఎవరుంటారండీ? కోతులు కూడా ఉండవు.

ఆగిరిపల్లి రోడ్డు దిగి, తోటల మధ్య మట్టిబాటలో లోపలికి పోతే వస్తుంది మా ఊరు. నా సొంతూరేం కాదు. బాపులపాడు దగ్గర్నుంచి రోజూ స్కూటీ మీద వస్తాను. కానీ ఎనిమిదేళ్ళుగా రోజంతా ఇక్కడే అరుస్తున్నాను కాబట్టి మా ఊరనే అంటాను. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. హెడ్మిస్ట్రెస్‌ని నేనే, గంట కొట్టేదాన్నీ నేనే. రెండో టీచరు నాకంటే బాగా చిన్నది, నెమ్మదస్తురాలు. నేను కేకలేస్తాను, ఆ అమ్మాయి బుజ్జగిస్తుంది. బడి అలా నడిచిపోతోంది.

ఊళ్ళో పిల్లలు లేరనుకునేరు. బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళంతా పసుపు బస్సులో నూజివీడు పోతారు. ఆ బస్సు పొద్దున్నే ఒకసారి వచ్చి పెద్దపిల్లల్ని ఎక్కించుకుపోతుంది. చంటిపిల్లల కోసం రెండో ట్రిప్పు వేస్తుంది చూడండీ, అది సరిగ్గా మేం ప్రార్థన మొదలెట్టే వేళకి మా గేటు ముందే ఆగి హారన్ కొడుతుంది. ఊరంతా చోటుండగా మా గేటే ఎందుకయ్యా అంటే, 'ఇక్కడైతే బస్సు తిప్పుకోవడానికి వీలండి' అంటాడు డ్రైవరు. ఒకరోజు ఒళ్ళు మండి స్కూటీ అడ్డంగా పెట్టేశాను. డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు. బస్సులోంచి ఒక బుడ్డోడు మాత్రం 'గుడ్ మార్నింగ్ మిస్' అన్నాడు. ఆ ఒక్క ముక్కకి కరిగిపోయి స్కూటీ తీసేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వేసవి సెలవుల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించుకోవాలి మేము. కాళ్ళకి బలపం కట్టుకుని తిరుగుతాం. గుడ్డు పెడతాం, చిక్కీ ఇస్తాం, రాగిజావ పోస్తాం, బూట్లిస్తాం, సంచీ ఇస్తామని చెప్పుకొస్తాం. కిందటేడు ఒక కొత్త డాబా ఇంట్లో తల్లి అంతా శ్రద్ధగా వింది.

"మీ దగ్గర ఇంగ్లీషు మీడియమేనా అండీ?" అంది.

"ఇంగ్లీషు మీడియమేనమ్మా."

"మరి టై ఉందా?"

"టై లేదు, బెల్టుంది."

"టై లేని ఇంగ్లీషు ఏం ఇంగ్లీషండీ!" అని మజ్జిగిచ్చి పంపించేసింది. మజ్జిగ మాత్రం బాగుంది, కొత్తిమీర కూడా వేసింది.

ఇంతకీ మా బళ్ళో చదివేది ఎవరూ అంటే, గుడి పూజారి గారి పిల్లలిద్దరు. వాళ్ళకి బస్సెక్కితే వాంతులు, అందుకని మా అదృష్టం బాగుంది. ట్రాక్టరు డ్రైవర్ల పిల్లలు, కూలీకెళ్ళే వాళ్ళ పిల్లలు. ఫీజు కట్టలేక బస్సు దిగిపోయినవాళ్ళు ఒకళ్ళిద్దరు. వాళ్ళు చేరిన మొదటివారం మమ్మల్ని కొంచెం జాలిగా చూస్తారు. తర్వాత గుడ్డు రుచి మరిగి మామూలైపోతారు. ఇక మిగిలింది తోట పిల్లలు. మా బడికి నిండుదనం వాళ్ళే.

మా వైపు తోట ఉన్న ఆసామి కాయ తనే కోసి అమ్ముకోవడం తక్కువ. చెట్టు పూత మీదుండగానే వ్యాపారి వచ్చి, చెట్లన్నీ ఓ చుట్టు చుట్టి చూసి, ఆ ఏటి పంటని గుత్తకి తీసేసుకుంటాడు. అప్పట్నుంచి ఆఖరి కాయ దిగేదాకా తోట అతనిది. అతను కాపలాకి కుటుంబాల్ని తెచ్చి తోటలోనే పాకలు వేయించి పెడతాడు. చాట్రాయి అవతల్నుంచీ, ఇంకా పైనుంచీ వస్తారు వాళ్ళు. మొగుడూ పెళ్ళాం పగలు కోతుల్నీ, రాత్రి దొంగల్నీ తోలుతుంటే, వాళ్ళ పిల్లలు మా బడికొస్తారు. కాయైపోయిందా, పాక పీకేస్తారు. నాట్లకి డెల్టా వైపు పోతారు, ఆ తర్వాత పత్తికో మిరపకో. మళ్ళీ పూతకి ఎక్కడ పని దొరికితే అక్కడికి.

అలా వచ్చిందే ఈ పిల్ల. మొదటిసారి వచ్చినప్పుడు ఒకటో తరగతి, మరుసటేడు మళ్ళీ అదే తోటకి వచ్చింది, రెండో తరగతి. మధ్యలో ఆరేడు నెలలు ఏ బడీ లేదు. ఏ బళ్ళోనూ పేరు లేని పిల్లల్ని ఆన్‌లైన్‌లో డ్రాప్‌బాక్స్ అనే దాంట్లో పడేస్తారు. పేరు చూడండి, పాత సామాన్ల గది లాగా! జూన్ రాగానే ఈ పిల్ల అందులో పడుతుంది, జనవరిలో నేను చెయ్యిపెట్టి పైకి లాగుతాను. లాగిన రోజునుంచీ ఎక్కడ వదిలిందో అక్కడే పట్టుకుంటుంది. ఎక్కాలు మిగతావాళ్ళు గడగడా అప్పజెబుతారు, ఈ పిల్ల ఆగి ఆగి చెబుతుంది గానీ మధ్యలోంచి అడిగినా తడబడదు. నాకు ఆ పిల్లంటే ప్రాణం. దాచుకునేదేముంది?

జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేశాక చాక్లెట్లు పంచుతున్నాను. తన వంతు వచ్చేసరికి చెయ్యి చాపి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"టీచర్, ఆగస్టులో కూడా జెండా ఉంటదంటగా?"

"ఉంటుంది, ఆగస్టు పదిహేను."

"అప్పుడు కూడా చాక్లెట్లిస్తారా?"

"ఇస్తాం. నువ్వెప్పుడూ చూళ్ళేదా?"

"లేదండి. నేనెప్పుడూ ఆగస్టులో బళ్ళో లేను."

అంతే. ఏడుపు లేదు, బాధ లేదు, ఏదో చేపల పులుసు ఎప్పుడూ తినలేదన్నట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ మాట రోజంతా లోపల గుచ్చుకుంటూనే ఉంది. నేను ఉద్యోగంలో చేరినప్పట్నుంచి ఎన్ని ఆగస్టులు ఎగరేశానో, ఎన్నిసార్లు ఎండకి విసుక్కున్నానో!

ఏప్రిల్‌లో మండలం ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. మంచివాడే, నెమ్మదిగా మాట్లాడతాడు, చెప్పేవి మాత్రం అన్నీ చేదుమాత్రలే. వచ్చే ఆగస్టు లెక్కకి పిల్లలు ఇరవై దాటకపోతే మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని పక్కూరి బడికి పంపేస్తారట. పక్కూరి బడంటే మధ్యలో మెయిన్ రోడ్డు దాటాలి. కాయల సీజన్లో ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో చూసినవాళ్ళకే తెలుసు. పెద్దవాళ్ళమే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని దాటతాం. రెండో టీచరు పోస్టు కూడా పోతుంది, నేను ఒక్కదాన్నే ఒకటీ రెండూ పట్టుకుని కూచోవాలి.

"ఇప్పుడున్నారు కదండీ! లెక్కపెట్టుకోండి, ఎంతమందో!" అన్నాను కోపంగా.

ఆయన వరండాలో కిక్కిరిసి కూచున్న పిల్లల్ని చూశాడు. ముందు వరసలో ఈ పిల్లే ఉంది.

"మీదే ఊరమ్మా?" అన్నాడు.

పిల్ల లేచి నిలబడింది. "ఊరు కాదండి, మేం తోటకొచ్చాం," అంది.

పక్కనున్న ఇంకో నలుగురు కూడా అదే మాట వరసగా చెప్పారు, ఎక్కం అప్పజెప్పినట్టు. తోటకొచ్చాం, తోటకొచ్చాం, తోటకొచ్చాం. సారు నా వైపు చూసి, "సీజను పిల్లల్ని లెక్కలో వేసుకోలేం కదా మేడమ్," అన్నాడు. నా నోరు పడిపోయింది. నా నోరు పడిపోవడం మా ఊళ్ళో పెద్ద వార్తే. వంట చేసే ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చి చూసి వెళ్ళింది.

తోట పిల్లల్ని తీసేస్తే మాకు పదిహేడుమంది. ఈ పిల్ల ఉండే ఒక్క తోటలోనే రెండు కాపలా కుటుంబాలు, ఐదుగురు పిల్లలు. ఆ ఐదుగురూ ఆగస్టుదాకా ఉన్నారంటే బడి నిలబడుతుంది. ఈ పిల్ల మూడో తరగతిలో కూచుంటుంది. లేకపోతే రెండూ ఉండవు. ఇంత తేలిక లెక్క నాకు నిద్ర లేకుండా చేసింది.

దీని మీద పులిమీద పుట్రలాగా ఇంకోటి వచ్చిపడింది.

మా వైపు తోట గుత్తకిచ్చేటప్పుడు ఆసామి ఒక చెట్టు తన ఇంటికని విడిగా ఉంచుకుంటాడు. ఏ కాగితం మీదా ఉండదు, నోటిమాటే. 'ఆ బావి పక్క చెట్టు మాదండోయ్' అంటే 'అలాగేనండి' అంటాడు వ్యాపారి, అయిపోయింది. ఈ పిల్ల వాళ్ళుండే తోటలో ఆసామి గారు ఉంచుకున్న బావి పక్క చెట్టు పుల్లకాయ చెట్టు. ముక్క గట్టిగా ఉంటుంది, ఏడాదైనా మెత్తబడదు. వాళ్ళ ఆవకాయంతా దాంతోనే. ఆసామి గారి భార్యని ఊరంతా అమ్మమ్మగారంటారు. ఆవిడ ఆ చెట్టుని చూసినట్టు మొగుణ్ణి కూడా చూసి ఉండదు.

ఈసారి వ్యాపారి కోతకి ఎక్కణ్ణుంచో కొత్త మనుషుల్ని తెచ్చాడు. వాళ్ళు గెడలకి వల సంచులు కట్టుకుని, తెల్లవారకముందే మొదలెట్టి, బావి పక్క చెట్టుని ఆకులు తప్ప ఏమీ మిగల్చకుండా దులిపేశారు. అమ్మమ్మగారు కారం కొట్టించి, ఆవాలు ఎండబెట్టి, జాడీలు కడిగి బోర్లించి, కత్తిపీట పట్టుకుని తోటకెళ్ళేసరికి చెట్టు బోసిగా నిలబడి ఉంది. కాయలు అప్పటికే లారీలో మార్కెట్టు చేరిపోయాయి. ఆ ఏడు ఆవకాయ కొన్న కాయతో పెట్టాల్సొచ్చింది. మా ఊళ్ళో ఇల్లు పోయినా ఇంత గోల అవ్వదు. పొరుగింటివాళ్ళు పలకరింపుకి వచ్చి వెళ్ళారు కూడాను.

"ఇంకోసారి ఆ మనిషి నా తోట గడప తొక్కడానికి వీల్లేదు," అన్నారు ఆసామి గారు. వ్యాపారి కూడా తక్కువవాడేం కాదు. 'కంచె లోపలున్న చెట్లన్నీ గుత్తలోవే' అని బుకాయించాడు. మాటలు బంద్.

అంటే ఏంటన్నమాట? ఆగస్టుకి ఉండడం సంగతి దేవుడెరుగు, వచ్చే జనవరికి కూడా ఈ పిల్ల రాదు. వ్యాపారికి తోట లేకపోతే కాపలా లేదు, కాపలా లేకపోతే పిల్లలేరీ? ఒక చెట్టు పుల్లకాయలు పోయి నా మూడో తరగతి మీద పడ్డాయి.

జూన్‌లో బడి తెరిచాం. తోటలో ఆఖరున దిగే కలెక్టరు కాయ ఇంకా మిగిలి ఉంది కాబట్టి పిల్ల వస్తోంది. మూడో తరగతి పుస్తకాలు ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇంటికి తీసుకెళ్ళమంటే, "వద్దులెండి, మళ్ళీ ఇచ్చెయ్యాలిగా," అని బల్ల మీదే పెట్టేసి పోయేది.

ఓ మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, "టీచరమ్మగారండీ, టీసీ ఏదో ఉంటదంట గదండీ, అదిప్పించండి. ఎల్లుండి పాక పీకేస్తన్నారు," అంది.

"ఎక్కడికి పోతారు?"

"నాట్లకండి. ఏ ఊరో మేస్త్రి చెప్పాలండి."

"ఆ ఊళ్ళో బడుందా?"

"ఉండే ఉంటదండి. బడి లేని ఊరుంటదా?" అంది. తర్వాత చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "దీనికి ఈ బడంటేనే ఇష్టవండి. రాత్రి అన్నం తిన్లేదు," అంది.

నాకు తిక్క రేగింది. ఎవరి మీదో తెలీదు. టీసీ ఇవ్వనన్నాను. ఇవ్వకపోవడానికి నాకు హక్కు లేదు, ఆ సంగతి ఆవిడకి తెలీదు, చెప్పలేదు. సాయంత్రం గంట కొట్టగానే పిల్లని స్కూటీ ముందు నిలబెట్టుకుని ఆసామి గారింటికి పోయాను. దారిలోనే వ్యాపారికి ఫోన్ చేసి, "అర్జెంటు, ఆసామి గారి గుమ్మంలోకి రండి," అన్నాను. ఎవరికేమైందో అని భయపడి పాపం వచ్చేశాడు. తీరా వచ్చాక బండి మీదే కూచుని, ఇంజను ఆపకుండా, గేటు బయటే ఉన్నాడు.

ఆసామి గారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. అమ్మమ్మగారు గుమ్మం లోపల చింతపండు గింజలు తీస్తూ కూచున్నారు. కనపడదు గానీ అన్నీ వింటుందని ఆ గిన్నె చప్పుడు చెబుతోంది. నేను దారంతా ఒకటే ఆలోచించుకున్నాను. తోటని ఒక్క పంటకి గుత్తకిస్తే కాయైపోగానే కాపలా పోతుంది. కొంతమంది మూడేళ్ళకి కలిపి ఇస్తారు. అప్పుడు దున్నించడం, పాదులు చెయ్యడం, మందు కొట్టడం అన్నీ వ్యాపారే చూసుకోవాలి కాబట్టి ఏడాది పొడుగునా మనుషుల్ని తోటలోనే ఉంచుతాడు. ఏడాది పొడుగునా అంటే అందులో ఆగస్టు ఉంటుంది కదా!

ఆ మాటే ఎత్తాను. ఈ వ్యాపారికే మూడేళ్ళకి ఇచ్చేస్తే మీకు కూలీల కోసం వెతుక్కునే బాధ ఉండదు, మందుల కొట్టు చుట్టూ తిరిగే పని ఉండదు, హాయిగా కుర్చీలోనే ఉండొచ్చు అని చెప్పుకుపోయాను. మామిడి గురించి నాకు తెలిసింది తినడం ఒక్కటే. అయినా పాదుల గురించీ, దుక్కి గురించీ పుట్టినప్పట్నుంచీ తోటలో ఉన్నట్టు మాట్లాడేశాను.

ఆసామి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మేడమ్ గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇందులో మీకు కమీషన్ ఎంతేంటి?"

"ఐదుగురండీ."

"ఐదుగురేంటి?"

"ఐదుగురు పిల్లలు. తోటలో ఉన్న ఐదుగురూ ఆగస్టుకి నా బళ్ళో ఉండాలి. అదే నా కమీషన్. ఒక్కరు తగ్గినా బేరం లేదు."

గేటు బయట బండి ఇంజను ఆగింది. వ్యాపారి పకపకా నవ్వాడు. ఆసామి గారు కూడా నవ్వబోయి, మాటల్లేవని గుర్తొచ్చి మూతి బిగించారు.

అప్పుడు గిన్నె చప్పుడు ఆగింది. అమ్మమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. "బాగుందమ్మా నీ కమీషను! మూడేళ్ళకి రాసిస్తే మూడేళ్ళూ నా చెట్టు దులుపుకుపోతాడు. మూడేళ్ళు నేను కొన్న కాయ తినాలా? నీ పిల్లలకి నువ్వు ఆవకాయ పెడతావా?"

"పొరపాటైందమ్మా," అన్నాడు వ్యాపారి. మొదటిసారి అన్నాడట ఆ మాట. బండి దిగి గేటు లోపలికి వచ్చాడు. "కొత్తవాళ్ళు, తెలీదు. ఈసారి ఆ చెట్టుకి సున్నం పూయిస్తాను."

"తోటలో చెట్లన్నిటికీ చీడకని సున్నం పూస్తారు. నా చెట్టు ఏదని తెలుస్తుంది?"

"చీర ముక్క కడదాం."

"గాలికి పోతుంది."

"కాపలావాడికి చెప్పి ఉంచుతాను."

"కిందటిసారి చెప్పలా? వాడు పడుకున్నాడు."

నేను ఏదో అనబోతున్నాను. స్కూటీ పక్కన నిలబడ్డ పిల్ల, "రేకు మీద రాసి కడితే సరి," అంది.

అందరం తిరిగి చూశాం. అక్కడుందనే మర్చిపోయాం.

"ఏం రాస్తావే?" అన్నారు అమ్మమ్మగారు.

"ఇది అమ్మమ్మగారి చెట్టు. కాయలు కోయకూడదు. అలా రాస్తానండి."

వ్యాపారి మళ్ళీ నవ్వాడు. "బాగానే ఉంది గానీ, కోతకొచ్చేవాళ్ళలో చదివేదెవరే?"

"నేను చదివి చెప్తాగా," అంది పిల్ల. అదేం పెద్ద సమస్యా అన్నట్టు చూసింది అతని వంక.

అమ్మమ్మగారు పిల్లని కిందనుంచి పైదాకా చూసి, చింతపండు చేతులు కొంగుకి తుడుచుకున్నారు. మొగుడి వైపు తిరిగి, "అయితే ఈ పిల్ల ఇక్కడే ఉండాలిగా," అన్నారు.

ఆ ఇంట్లో ఆవిడ మాట అంటే అంతే. ఆసామి గారు ఇంకో అరగంట బెట్టు చేశారు, అది మగాళ్ళ మర్యాద కోసం. మూడేళ్ళు ఎక్కువ, రెండేళ్ళు చాలన్నారు. పిల్లకి ఐదో తరగతి అయ్యేదాకా కావాలని నేను పట్టుపట్టాను. తోట గుత్తకి ఇదేం లెక్కండీ అని ఇద్దరూ నా మీద పడ్డారు. ఆ దెబ్బతో వాళ్ళిద్దరి మధ్యా మాటలు కలిసిపోయాయి. మూడేళ్ళకే ఖాయమైంది. కాఫీ వచ్చింది. పిల్లకి పాలూ, రెండు అరిసెలూ వచ్చాయి. ఒకటి తిని ఒకటి తమ్ముడికని సంచీలో పెట్టుకుంది.

మర్నాడు వ్యాపారి నూనె డబ్బా రేకు సాపు చేయించి, తెల్లరంగు డబ్బా, బ్రష్షు బడికే తెచ్చిచ్చాడు. పిల్ల వరండాలో బోర్లా పడుకుని రాసింది. సగం పొద్దు పట్టింది. చివర్లో చోటు చాలక 'కోయకూడదు' రెండు ముక్కలై కింద పడింది. నేను దిద్దబోతే రెండో టీచరు నా చెయ్యి పట్టుకుంది. దాన్ని అలాగే తీసుకెళ్ళి తీగతో చెట్టుకి కట్టారు. అమ్మమ్మగారు దగ్గరుండి కట్టించుకున్నారు. పాక పీకలేదు. వానలొస్తున్నాయని వ్యాపారి పైన కొత్త తాటాకు కూడా కప్పించాడు.

జూలైలో తోటల్లో దుక్కులు మొదలయ్యాయి. ఎప్పుడూ నా గొంతే తిరిగి మోగే ఆ గదిలో మూడో తరగతి వరసొకటి కూచుంది. బురదకాళ్ళతో వచ్చి గదంతా పాడుచేస్తున్నారని రోజూ తిడుతున్నాను. తిట్టడానికి పిల్లలుండడం ఎంత సుఖమో ఆ జూలైలోనే తెలిసింది నాకు. మూడో తరగతి పుస్తకాలు పిల్ల ఇంటికి తీసుకెళ్ళడం మొదలెట్టింది. నేనేం అనలేదు. అడిగితే మళ్ళీ బల్ల మీద పెట్టేస్తుందేమోనని భయం.

ఆగస్టు పదిహేను వచ్చింది. నేను వెళ్ళేసరికి పిల్ల గేటు దగ్గరుంది. తలంతా నూనె, రెండు జడలు, బూట్లు తుడిచి మెరిపించింది. జెండాలో కట్టిన పూలు నెత్తిన పడితే ఏరి జేబులో వేసుకుంది. చాక్లెట్లు పంచేటప్పుడు దగ్గరికొచ్చి రహస్యంగా, "అవే చాక్లెట్లా టీచర్? జనవరివేనా?" అంది.

"అవే."

"నేను వేరేవిస్తారనుకున్నా," అని కొంచెం నిరాశపడి, అయినా తినేసింది. ఇంకా ఎన్నెన్ని ఊహించుకుందో ఈ ఆగస్టు గురించి, నేను ముందే తెలుసుకుని వేరేవి కొనాల్సింది. వచ్చేసారికి కొంటాను.

ఆ వారంలోనే మండలం ఆఫీసు సారు లెక్కకి వచ్చాడు. పిల్లలకి ఏదీ నేర్పలేదు, నిజం. నేర్పాలని మాత్రం నోటిదాకా వచ్చింది. ఆయన అడిగితే ఇలా చెప్పండీ అని చెప్పబోయి, ఛీ, బళ్ళో నిలబడి అబద్ధమా అని మానుకున్నాను. కానీ ఆ 'తోటకొచ్చాం' నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఇప్పుడు వాళ్ళు తోటకి వచ్చినవాళ్ళు కాదు, ఉన్నవాళ్ళు. ఆ తేడా నాకు తెలుసు, వ్యాపారికి తెలుసు, అమ్మమ్మగారికి తెలుసు. పిల్లకి తెలుసా?

సారు పేర్లు పిలుస్తూ, తలలు చూస్తూ, వరసలో నడుస్తున్నాడు. పూజారి గారి పిల్లలు, ట్రాక్టరు డ్రైవరు పిల్లలు అయిపోయారు. మూడో తరగతి దగ్గరికి వచ్చాడు. పిల్లని గుర్తుపట్టాడు. పెన్ను ఆగింది.

"నువ్వు తోటకొచ్చిన పిల్లవి కదూ? మీదే ఊరమ్మా?"

పిల్ల లేచి నిలబడింది.

"ఈ ఊరే సార్."

"ఈ ఊరా? ఎక్కడ మీ ఇల్లు?"

"అమ్మమ్మగారి తోటలో సార్. రేకు కట్టిన చెట్టు పక్కన." ఆయన ఇంకా చూస్తూనే ఉండేసరికి, అర్థం కాలేదనుకుందేమో, ఆగి ఆగి ఎక్కం చెప్పినట్టు చెప్పింది. "నేను లేకపోతే ఆ రేకు మీదున్నది ఎవరు చదువుతారు సార్?"

సారు పెన్నుతో టిక్కు పెట్టుకుని పక్క పిల్లాడి దగ్గరికి జరిగాడు. నాకు కళ్ళు నిండిపోయాయి. ఏం చెయ్యాలో తోచక వెనక బెంచీ వాళ్ళని గట్టిగా కేకలేశాను. వాళ్ళు ఆ రోజు ఏం తప్పు చేశారో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు.